ఒక్క స్కీ మీద

స్కీ పందేలు చూడ్డానికి పోతున్నామని ఫోన్‌లో చెబితే, "కొండ మీంచి కిందకి జారతారే, అదేనా అమ్మా?" అని అడిగారు నాన్న. "కాదు నాన్నా, ఇది ఎక్కువగా కొండ ఎక్కే పందెం" అన్నాను. "ఎక్కడానికి స్కీలెందుకు?" అన్నారు ఒంగోలు నుంచి. మంచి ప్రశ్న. అప్పుడు బయల్దేరే హడావుడిలో ఉండి సరిగ్గా జవాబు చెప్పలేదు. ఈ వారం కాలమ్ ఆయన కోసమే.

ఆ రోజు 2024 ఫిబ్రవరి 18. మినియాపొలిస్‌లో మేం రోజూ దాటి వెళ్లే థియొడర్ వర్త్ పార్కులో క్రాస్ కంట్రీ స్కీ ప్రపంచ కప్పు. అమెరికాలో ఆ స్థాయి పోటీ జరగక అప్పటికి ఇరవయ్యేళ్లు దాటిపోయింది. 2020 మార్చిలో ఇక్కడే జరగాల్సింది, అంతా సిద్ధమయ్యాక కోవిడ్ వచ్చి రద్దయింది. నాలుగేళ్లు ఎదురుచూశాక వచ్చిన చలికాలమేమో చలికాలంలా లేదు. పార్కంతా గోధుమరంగు గడ్డి, మధ్యలో యంత్రాలతో తయారుచేసి పరిచిన మంచు బాట. పోటీలకు కొద్ది రోజుల ముందు నిజం మంచు పడింది. ఆ పొద్దున కిటికీ తెర తీసి చూసి నేను చంటిపిల్లలా సంబరపడ్డాను.

వేలమంది జనం. మేం ముగింపు గీత దగ్గర కాకుండా ఎక్కుడు పక్కన తాడు పట్టుకుని నిలబడ్డాం. ఈ ఆట చూసేవాళ్లకి నేనిచ్చే సలహా అదొక్కటే, కొండ దగ్గర నిలబడండి. టీవీ కెమెరా ఏటవాలుని మింగేస్తుంది. తెర మీద చదునైన బాట మీద పోతున్నట్టే ఉంటారు. పక్కన నిలబడితే తెలుస్తుంది అదెంత నిటారుగా ఉందో. ముందు కర్రల మొనలు గట్టి మంచులో దిగుతున్న చప్పుడు, ఆ వెనకే ఊపిరి చప్పుడు. మనిషి మన ముందుకి వచ్చేసరికి గడ్డం మీద కారిన చొంగ గడ్డకట్టి ఉంటుంది, తుడుచుకునే తీరిక లేదు. జట్టు కోచ్ బాట పక్కనే పరిగెత్తుతూ, ఎన్ని సెకన్లు ముందున్నాడో వెనకున్నాడో అరిచి చెబుతుంటాడు. చుట్టూ జనం ఆవు మెడ గంటలు పట్టుకుని వాయిస్తుంటారు.

ఆ గోలలో నేను చూసేది ఒక్కటే, ఒంటి స్కీ మీద ఎంతసేపు నిలబడుతున్నారనేది.

ఫ్రీ స్టయిల్ అనే పద్ధతిలో స్కేటింగ్ చేసినట్టు ఒక కాలితో పక్కకి తన్ని, ఒంటి బరువంతా రెండో కాలి మీదకి తెచ్చి జారతారు. స్కీ వెడల్పు చూస్తే మూడు వేళ్లంత. దాని మీద మొత్తం మనిషి. ఆ జారుతున్న క్షణమే విశ్రాంతి, ముందుకి పోవడం కూడా అప్పుడే. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపు అందరూ చక్కగానే నిలబడతారు. అలసట వచ్చేసరికి ఒళ్లు భయపడుతుంది, రెండో స్కీని తొందరగా నేలకి ఆనించమంటుంది. ఆనించారా, జారుడు పొట్టిదైపోతుంది. అదే దూరానికి ఇంకో రెండు అడుగులు, వాటికి ఇంకాస్త ఊపిరి, దాంతో ఇంకాస్త అలసట. గెలిచేవాడికి అలసట రాదని కాదు. అలసటలో కూడా ఆ కాలిని ఇంకో క్షణం నమ్ముతాడు.

ఆ రోజు మగవాళ్లది 10 కిలోమీటర్లు. అరనిమిషానికొకరు బయల్దేరతారు, పోటీ గడియారంతోనే. గస్ షూమేకర్ అని అలాస్కాలోని యాంకరేజ్ కుర్రాడు, 23 ఏళ్లవాడు. రెండోసారి కొండెక్కుతూ మా ముందుకి వచ్చినప్పుడు అతని జారుడు చూశాను. మొదటిసారి ఎంత పొడుగుందో అంతే ఉంది! మా అమ్మాయి మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అతను ముగించాక నార్వే మేటి ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చారు, ఆ సమయాన్ని ఒక్కరూ దాటలేకపోయారు. రెండు, మూడు స్థానాలతో సరిపెట్టుకున్నారు. పక్కనున్న ముక్కూమొహం తెలియని ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

ఆయన కన్నీళ్లకి కారణముంది. అంతకుముందు దూరపు పందెంలో ప్రపంచ కప్పు గెలిచిన అమెరికా మగవాడు బిల్ కాక్. అది 1983లో. 1976 ఇన్స్‌బ్రక్ ఒలింపిక్స్‌లో 30 కిలోమీటర్లలో రజతం తెచ్చిందీ ఆయనే, ఈ దేశానికి ఈ ఆటలో మొదటి పతకం. 1980ల మొదట్లో, మంచులో తీసిన గాళ్లలో కాళ్లు సమాంతరంగా పోవాల్సిన చోట ఒక కాలితో స్కేటింగ్‌లా తన్నుతూ గెలవడం మొదలుపెట్టి లోకం చేత ఆ పద్ధతి ఒప్పించినవాడూ ఆయనే. పాతది పోతుందేమోనని పెద్దవాళ్లు గొడవపడితే, క్లాసిక్, ఫ్రీ అని పందేలనే రెండుగా విడదీశారు. ఆ ఇన్స్‌బ్రక్ రజతం తర్వాత రెండో ఒలింపిక్ పతకానికి అమెరికా 42 ఏళ్లు ఆగింది. 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో కికన్ రాండల్, జెస్సీ డిగ్గిన్స్ టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచారు, 0.19 సెకన్ల తేడాతో. డిగ్గిన్స్ మా పక్క ఊరు ఆఫ్టన్ పిల్ల. చెంపల మీద మెరుపులు అద్దుకుని పరిగెత్తేది, ముగింపు గీత దాటగానే మంచు మీద కూలిపోయేది. మినియాపొలిస్‌లో ఆమె మూడో స్థానంలో వచ్చింది. ఆ పోటీని ఇక్కడికి రప్పించడానికి ఏళ్ల తరబడి తిరిగిన వాళ్లలో ఆమె ఒకతె. మా వీధిలో చిన్నపిల్లల చెంపల మీద కూడా ఇప్పుడు ఆ మెరుపులే.

నాన్న ప్రశ్నకి అసలు జవాబు క్లాసిక్ స్కీలో ఉంది. అది ముందుకి జారాలి, వెనక్కి జారకూడదు. ఒకే చెక్కకి రెండు గుణాలు ఎలా వస్తాయి? స్కీ మధ్యలో విల్లులా పైకి వంగి ఉంటుంది. ముందూ వెనకా జారే మైనం, ఆ వంపు కింద పట్టుకునే మైనం పూస్తారు. మా క్లబ్బులో మైనం పూసే పెద్దాయన ఒకసారి నన్ను స్కీల మీద నిలబెట్టి, పాదం ఉన్న చోట స్కీ కింద ఒక కాగితం దూర్చాడు. రెండు కాళ్ల మీద సమానంగా నిలబడితే కాగితం అటూ ఇటూ హాయిగా కదిలింది. "ఇప్పుడు ఒంటికాలి మీద" అన్నాడు. బరువు మార్చగానే కాగితం కదలనంది. బరువంతా ఒక్క కాలి మీద పడితే తప్ప ఆ మైనం మంచుని ముట్టుకోదు. సగం సగం నమ్మేవాడు కొండ మీద వెనక్కి జారతాడు.

ఆ మైనం తెల్లవారుజామున మంచు వేడి, తడి కొలిచి, పదులకొద్దీ స్కీల జతలు జారించి చూసి తేల్చే లెక్క. ఫ్లోరిన్ కలిసిన మైనాలని 2023-24 నుంచి నిషేధించాక ఆ పనివాళ్లు ఏళ్ల అనుభవాన్ని పక్కనపెట్టి కొత్తగా మొదలుపెట్టారు. పోటీదారు ఓడితే మొదటి మాట పడేది వాళ్లే, గెలిస్తే వాళ్ల పేరు ఎవరికీ తెలియదు. ఇది నాకు ఎప్పుడూ బాధే.

నా ఒంటికాలి లెక్కని తిరగేసిన మనిషి ఒకడున్నాడు. నార్వే యోహానెస్ క్లేబో. క్లాసిక్‌లో నిటారు కొండ రాగానే జారడమే మానేస్తాడు. స్కీల మీద పరుగు! పొట్టి పొట్టి అడుగులతో, నేల మీద బూట్లతో ఉరికినట్టు ఎక్కేస్తాడు. చిన్నప్పటి నుంచి తాతగారే కోచ్. 2025లో సొంత ఊరు ట్రాండ్‌హైమ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగితే ఆరు పందేల్లో ఆరూ గెలిచాడు. జారుడే ప్రాణమనుకునే నాకు అతని పరుగు మొదట్లో మింగుడు పడలేదు. చూడగా చూడగా అర్థమైంది, ఏ అడుగు దగ్గర జారుడు లాభం కాదో అతనికి తెలుసు. ఆ అడుగు దగ్గర దాన్ని వదిలేస్తాడు, కొండ నెత్తికి చేరగానే మళ్లీ పట్టుకుంటాడు.

మొన్న సాయంత్రం పార్కులో దీపాల కింద పిల్లల శిక్షణ. కోచ్ అందరి దగ్గరా కర్రలు తీసేసుకుని, ఒక స్కీ కూడా విప్పించింది. ఉత్త బూటుతో తన్ని, ఉన్న ఒక్క స్కీ మీద ఎన్ని అంకెలు లెక్కపెట్టే దాకా నిలబడతారో చూడాలి. దీన్ని వీళ్లు స్కూటర్ అంటారు. మా అమ్మాయి మొదట మూడు దాకా నిలబడి పడింది. లేచి, మోకాలి మీది మంచు దులుపుకుని మళ్లీ తన్నింది. నేను కంచె అవతల నిలబడి తెలుగులో లెక్కపెడుతున్నాను. అయిదు. ఆరు. ఏడు దగ్గర దీపం వెలుగు దాటి చీకట్లోకి జారిపోయింది. పడిన చప్పుడు ఇంకా వినపడలేదు.