బెరడుపై వెదుకులాట

రాత్రివేళ అడవికి పోయి బల్లిని వెదకుట పనిలేనివాని వ్యసనమని మా బంధువులలో పలువురి నిశ్చితాభిప్రాయము; గోడమీద కనబడినదానిని చీపురుతో తరుమువారును, మీద పడినచో పంచాంగము తిరుగవేసి ఫలము చూచుకొనువారును అట్లనుటలో వింత లేదు. అయినను, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు దక్షిణపుటంచున, 1915లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన లామింగ్టన్ వర్షారణ్యమున ఆకుతోక బల్లిని స్వయముగా కనుగొన్నవాడు దానినొక విద్య యనక తప్పదు.

ఆ విద్యకు చెట్టుతోనే అక్షరాభ్యాసము. ఆశ్రయమిచ్చిన వృక్షమును పెనవేసి, తుదకు దానిని చంపి, తాను బోలు స్తంభమై నిలుచు మర్రిజాతి చెట్లును, పలకలుగా లేచిన వేళ్ల నడుమ చీకటి మూలలు గల మహావృక్షములును పగలెల్ల ఆ ప్రాణి దాగియుండు తావులు. వీనిని వెలుగుండగానే గుర్తుపెట్టుకొనక, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఎదురైన ప్రతి మ్రాను మీదను టార్చి త్రిప్పుచు పోవువానికి దక్కునవి జలగలే. అక్కడ నూగాకుల చెట్టొకటి కలదు. దాని ఆకు సోకినచో మన దురదగొండి దయామయి యనిపించును గావున, చేయి చాచుటకు ముందు వెలుగు చాచవలెను.

దీపము ఎంత తీక్ష్ణమైన అంత మేలని క్రొత్తవారి భ్రమ. కంటి సరసన పట్టిన దీపమునకు తళుక్కుమని బదులు పలుకు చుక్కలలో చాలభాగము సాలీళ్ల నేత్రములు. ఎదురు వెలుగులో నాచు, బెరడు, బల్లి మూడును ఏకవర్ణమై కలిసిపోవును. ఏలయన, ఒడలి అంచున ముండ్లు గల ఆ చర్మము బెరడునకు ఒత్తుకొని నీడను పడనీయదు. దీపమును ప్రక్కకు దించి, కాంతిని కాండము వెంబడి ఏటవాలుగా జార్చినప్పుడు మాత్రమే, ఎక్కడనో వెడల్పైన తోక అంచు ఒక సన్నని నీడగీతగా లేచును.

నాకు కనబడినది తలక్రిందుగా నుండెను. మన ఇంటిబల్లికి వలె అంటుకొను మెత్తలు దీని వ్రేళ్లకు లేవు. వంకర గోళ్లతో బెరడును పట్టుకొని, రెప్పలేని కంటిని నాలుకతో ఒక్కమారు తుడుచుకొనెను. ఒడలెల్ల ముండ్లుండియు తోక మాత్రము నున్నగా నున్నది: ఎన్నడో శత్రువునకు పాతతోక విడిచి, క్రొత్తది మొలిపించుకొన్నదన్నమాట. దీపము వెంటనే ఆర్పితిని. బల్లులలో ఆఫ్రికా జాతి యొకటి, మనకు రంగులు తెలియని మసకవెన్నెలలో సైతము నీలమును బూడిదవన్నెను వేరుపరచునని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అట్టి కన్నులు గల జాతిపై కాంతిని కుమ్మరించి, ఫోటో కొరకు చేత పట్టి త్రిప్పువారిని నేను వేటగాండ్ర కన్న ఎంతో మెరుగని తలపను.

ఆ దేశపు సరీసృపములను ప్రాణముతో వ్యాపారార్థము ఎగుమతి చేయుట అక్కడి చట్టమున నిషిద్ధము. నిషిద్ధమైనందుననే దొంగలకు వాని వెల హెచ్చు. కాబట్టి ఆ చెట్టు ఏ బాట ప్రక్కన నున్నదని అడుగుచున్న మిత్రులకు నా ప్రత్యుత్తరము ఈ శీర్షికలోను రాదు, ఉత్తరములోను రాదు.