తప్పుకుంటే సరిపోతుందా?

ఖానాపూర్ దగ్గరి సదర్మాట్ ఆనకట్ట కింది సాగునీటి వాడకంపై రెండు పరిశోధన ప్రతిపాదనలు నిధుల కమిటీ ముందుకు వచ్చాయనుకోండి. ఒకటి స్థానిక అధ్యాపకునిది. రెండోది కమిటీ సభ్యుని దగ్గర పిహెచ్.డి. చేసిన శిష్యునిది. ఆ సభ్యుడు సంబంధాన్ని ముందే వెల్లడించి, చర్చ జరిగేటప్పుడు బయట కూర్చున్నాడు. ప్రయోజనాల సంఘర్షణకు పాఠ్యగ్రంథాలు సూచించే పరిష్కారం ఇదే. ఇది చాలునా?

చాలదని స్వీడన్ అనుభవం చెబుతోంది. అక్కడి వైద్య పరిశోధన మండలికి 1995లో వచ్చిన 114 ఫెలోషిప్ దరఖాస్తులను క్రిస్టీన్ వెన్నెరోస్, ఆగ్నెస్ వోల్డ్ పరిశీలించి, 1997లో ‘నేచర్’ పత్రికలో వ్యాసం ప్రచురించారు. స్త్రీలకు తక్కువ మార్కులు పడ్డాయన్న ఫలితానికే ఎక్కువ ప్రచారం లభించింది. మీరు రెండో ఫలితాన్ని కూడా గమనించండి. దరఖాస్తుదారుతో సంబంధం ఉన్న సభ్యుడు మార్కులు వేయకూడదన్న నియమం అక్కడ అమలులోనే ఉంది. అయినా, ప్రచురణల్లో సమానులైన ఇతరుల కన్నా అలాంటి దరఖాస్తుదారులకే మిగతా సభ్యులు ఎక్కువ మార్కులు వేశారు.

ఎందుకు వేశారో అంకెలు చెప్పవు. నా అభిప్రాయంలో, బయటికి వెళ్లిన సభ్యుడు కాసేపటికి తిరిగి వచ్చి పక్కనే కూర్చుంటాడన్న సంగతి అందరికీ తెలుసు. రేపు తమ శిష్యుల ప్రతిపాదనలు ఆయన ముందుకే రావచ్చు.

ఈ వ్యాసానికి పరిమితులున్నాయి. పరిశీలించింది ఒక్క మండలిని, ఒక్క సంవత్సరాన్ని మాత్రమే. ప్రచురణల లెక్క ప్రతిభకు పూర్తి కొలమానం కాదు. అయితే శాండ్‌స్ట్రామ్, హాల్‌స్టెన్ 2004 నాటి దరఖాస్తులను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో స్త్రీల పట్ల వివక్ష కనిపించలేదు. పరిచయస్తులకు అదనపు మార్కులు మాత్రం కొనసాగాయి.

మరో విషయం. ఆ మార్కుల పత్రాలు ఇవ్వడానికి మండలి మొదట అంగీకరించలేదు. అవి ప్రజలకు అందుబాటులో ఉండవలసిన పత్రాలని న్యాయస్థానం తీర్పు చెప్పాకే పరిశోధన సాధ్యమైంది. కాబట్టి తప్పుకోవడం మొదటి మెట్టు మాత్రమే. సభ్యుని శిష్యుల ప్రతిపాదనలను ఆ కమిటీకి కాక బయటి నిపుణులకు పంపాలి. మార్కులను, కారణాలను రాతపూర్వకంగా భద్రపరచి, తరువాత పరిశీలనకు ఇవ్వాలి. లేకుంటే కమిటీలో గురువు లేని ఆ స్థానిక అధ్యాపకుడు ఎందుకు ఓడిపోయాడో ఎవరికీ తెలియదు.

ఆలోచించండి: ఒక విషయంలో నిపుణులు పదిమందే ఉండి, వారందరూ గురుశిష్యులే అయితే సమీక్షకులను మీరు ఎలా ఎంపిక చేస్తారు?