అవ్వకు అందే శ్రుతి

పాట బాగా పాడేవాళ్లు మేడ్చల్‌లో చాలామందే ఉన్నారు. పాట ఎత్తుకునేవాళ్లు తక్కువ. రెండూ ఒకటే కదా అనేవాళ్ల కోసం ఈ వారం మా పెద్దబాపు సంగతి రాస్తున్నాను. ఆయన పోయి ఏడాది కావస్తోంది. పేరు రాయను. చర్చి సంఘం కప్పబోయిన శాలువానే వద్దన్న మనిషి, పేపర్లో పేరంటే అసలే ఒప్పుకునేవాడు కాదు.

పాట ఎత్తుకోవడమంటే డోలక్, హార్మోనియం అందుకోకముందే ఒక స్థాయి పట్టుకుని పల్లవి మొదటి మాట అనడం. ఆ ఒక్క మాటతో మిగతా వంద గొంతుల గతి తేలిపోతుంది. ఎక్కువ ఎత్తుకుంటే చరణం పై షడ్జమానికి చేరేసరికి మగవాళ్లు అరుస్తారు, ముసలివాళ్లు నోరు మూసుకుంటారు. మరీ కిందికి ఎత్తుకుంటే ఆడపిల్లల గొంతు పెగలదు. కచేరీ చేసేవాళ్లకు ఈ తంటా లేదు. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్లు అయిదు, అయిదున్నర శ్రుతిలో ఎవరికి నప్పినచోట వాళ్లు పాడుకుంటారు. సంఘంలో అందరూ ఒకేచోట పాడాలి. అందులో పళ్లూడిన అవ్వ ఉంటుంది, గొంతు విరుగుతున్న పదో తరగతి పిల్లాడూ ఉంటాడు.

పెద్దబాపు పల్లవిని బట్టి శ్రుతి పెట్టేవాడు కాదు. పాట మొత్తంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న మాట ఏ చరణంలో వస్తుందో ముందు లోపల్లోపలే పాడుకునేవాడు. అది అవ్వకు అందుతుందనుకుంటే, అక్కణ్నుంచి కిందికి దిగివచ్చి పల్లవి ఎత్తుకునేవాడు. ఇదంతా అయ్యగారు పాట నంబరు చెప్పాక జనం పేజీలు తిప్పే కాసేపట్లోనే జరిగిపోవాలి. అవ్వ అంటే ఆయన తల్లి, మా నాయనమ్మ. ఆడవాళ్ల వైపు చాప మీద ముందు వరసలో కూర్చునేది. చదువు రాదు, పుస్తకం లేదు, కీర్తనలన్నీ నోటికి వచ్చు. మాలో ఎవరమైనా ఉత్సాహం కొద్దీ పైన ఎత్తుకుంటే పెద్దబాపు వెనక నుంచి మెల్లగా అనేవాడు: "అవ్వకు అందుతలేదురా, జర దించు."

అవ్వ పోయాక కూడా ఆయన శ్రుతి మారలేదు. ముందు వరసలో ఎప్పుడూ ఎవరో ఒక అవ్వ ఉంటుంది కదా.

ఇంకో పని కూడా ఉంది, మాట అందించడం. ఒక వరస ముగిసి రెండోది మొదలయ్యేలోపు వచ్చే వరసలోని మొదటి రెండు మాటలు గబుక్కున చెప్పాలి. చదువు రానివాళ్లకూ, కొత్తగా వచ్చినవాళ్లకూ అదే పుస్తకం. తాళం తప్పకూడదు, ఊపిరి చాలాలి, చెప్పింది వెనక వరసకు వినపడాలి. పెద్దబాపు చివరి రోజుల్లో ఆయాసంతో పాడడం మానేశాడు కానీ అందించడం మానలేదు.

ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనవి పాత కీర్తనలు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ దారి వేసినవాళ్లలో పెద్దవాడు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి వైపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, పాడుతూ తిరుగుతూ సువార్త చెప్పినవాడు. ఇంగ్లిష్ హిమ్‌లను అనువదించి ఆ బాణీల్లోనే పాడించడం ఒక పక్క సాగుతుంటే, ఆయన పల్లవి, చరణాలతో మన రాగాల్లో కట్టాడు. తేడా పాడితే తెలుస్తుంది. అనువాదాల్లో బాణీ కోసం హ్రస్వాన్ని సాగదీయాలి, దీర్ఘాన్ని మింగాలి. కీర్తనలో మాట నోట్లో ఎలా ఉంటుందో పాటలోనూ అలాగే కూర్చుంటుంది. పెద్దబాపుకు రాగాల పేర్లు పుస్తకంలో చదవడం వరకే వచ్చు. సంగీతం ఎవరి దగ్గరా నేర్వలేదు. కొన్ని బాణీలు అవ్వ దగ్గర, కొన్ని సాయంత్రాలు షార్ట్‌వేవ్ మీద గరగరలాడుతూ వచ్చే ఫీబా రేడియో నుంచి పట్టుకున్నాడు.

మేడ్చల్ పారిశ్రామికవాడలో ఫిట్టరు ఆయన, మూడు షిఫ్టుల డ్యూటీ. కుటుంబ ప్రార్థన వేళ షిఫ్టును బట్టి మారేది కానీ తప్పేది కాదు. సెకండ్ షిఫ్టు వారంలో పదిన్నరకు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, యెహోషువ 24:15 వాక్యం రాసిన గోడ కింద కూర్చుంటే పిల్లలు సగం నిద్రలో చుట్టూ చేరాలి. ఒక పాట, ఒక కీర్తన చదవడం, ప్రార్థన. పిల్లలకు నిద్ర ఆగని రోజున నూటపదిహేడో కీర్తన చదివించేవాడు, రెండే వచనాలు కాబట్టి. ప్రార్థనలో మాత్రం తగ్గేవాడు కాదు. కూతుళ్లు, అల్లుళ్లు, చెల్లెళ్లు, వాళ్ల పిల్లలు అందరినీ పేరుపేరునా తలచుకుని, పక్కింటివాళ్ల ఈనబోయే బర్రెను కూడా కలిపేవాడు.

పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక పొద్దున కూతుళ్లకు జడలు ఆయనే వేసేవాడు. వేస్తూ కొత్త పాట ఒక్కో వరసా చెప్పేవాడు. జడ అయ్యేలోపు పల్లవి రావాలి, రిబ్బను ముడి పడేలోపు చరణం రావాలి. చిన్నప్పుడు అలా నేర్చుకున్న ఆ అక్కలు ఇప్పటికీ కొన్ని పాటలు మెడ పక్కకు వంచే పాడతారు. పక్కనవాళ్లు భక్తి అనుకుంటారు.

మా బంధువుల్లో సంఘాలు అన్నీ ఉన్నాయి. చిన్నత్తది సీఎస్ఐ. చార్లెస్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది కదా, ఏటా ఆ పండుగకు మెదక్ పోకపోతే ఆమెకు క్రిస్మస్ చేసినట్టుండదు. పెద్దత్త వాళ్లది హెబ్రోను. భక్త్ సింగ్ 1950లో హైదరాబాద్ గోల్కొండ క్రాస్ రోడ్స్‌లో మొదలుపెట్టిన సహవాసం. చాపల మీద కూర్చోవడం, ఆరాధన తర్వాత ప్రేమ విందు, అంతా వేరు పద్ధతి. పెద్దల్లుడు పెంతెకొస్తు, చప్పట్లు లేకపోతే పాడినట్టే కాదు. నలుగురూ కలిసిన ఇంట్లో పాట నంబరు చెప్పడమే గొడవ. ఒకరి పుస్తకంలో క్రిస్మస్ పాట ఉన్న నంబరులో ఇంకొకరి పుస్తకంలో భూస్థాపన పాట ఉంటుంది. బాప్తిస్మం ఎలా ఇవ్వాలన్న దగ్గర మొదలైతే భోజనాలు చల్లారిపోయేవి. పెద్దబాపు వాదనలోకి వచ్చేవాడు కాదు. నంబరు చెప్పకుండా, అన్ని పుస్తకాల్లోనూ ఉన్న పాటొకటి చూసి ఎత్తుకునేవాడు. వాదన గెలవలేకే అలా చేసేవాడని పెద్దల్లుడి నమ్మకం. కావచ్చు.

2000 సెప్టెంబరులో భక్త్ సింగ్ పోయినప్పుడు ఆ అంతిమయాత్రకు చెల్లెలితో కలిసి వెళ్లాడు. ముందు నడిచేవాళ్లు ఒక చరణంలో, వెనకవాళ్లు ఇంకో చరణంలో ఉన్నారట. అంత జనానికి ఎవరూ ఎత్తుకోలేరు, ఎవరికి వాళ్లే ఎత్తుకోవాలి అని ఆ ముచ్చట చెప్పినప్పుడల్లా ఆశ్చర్యపోయేవాడు.

చిన్నకూతుర్ని శామీర్‌పేటలో ఇచ్చారు. శుక్రవారం గృహ కూడికకు టీవీఎస్ మీద పోయేవాడు. అప్పట్లో ఆ చుట్టుపక్కల ద్రాక్ష పందిళ్లు బాగా ఉండేవి, అనాబ్-ఎ-షాహి రకం. ఇప్పుడు వెంచర్లు, రిసార్టులు, ఔటర్ రింగు రోడ్డు, అంతాయిపల్లి దగ్గర 2022లో తెరిచిన కలెక్టరేటు. వాటితో పాటే గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు, వాళ్లు కట్టుకున్న రేకుల షెడ్డు మందిరాలు. అదే పాట, మెట్టు వేరు. 1938లో బైబిల్ మిషన్ స్థాపించిన దేవదాసు అయ్యగారి పాటలు వాళ్ల దగ్గర వింటేనే అందం. పెద్దబాపు వయసువాళ్లు కొందరు ఆ మెట్లు తప్పని కొట్టిపారేసేవారు. ఈయన మాత్రం "మీ దిక్కు ఎట్ల పాడుతరు?" అని అడిగి, రెండు వారాల్లో వాళ్ల మెట్టులోనే అందించేవాడు.

ఆయనకు నచ్చనివీ ఉన్నాయి. స్పెషల్ సాంగ్ ఎప్పుడూ పాడలేదు. ట్రాక్ పెట్టి పాడడమంటే ఒళ్లుమంట. ఇక్కడ నేను ఆయన పక్షం పూర్తిగా తీసుకోలేను. కేసెట్ల కాలంలో సుశీల, బాలసుబ్రహ్మణ్యం గొంతులతో వచ్చిన క్రైస్తవ గీతాలు గుడి మెట్టు ఎక్కనివాళ్ల ఇళ్లలోకీ వెళ్లాయి. 1978లో వచ్చిన 'కరుణామయుడు' సినిమాను ఊరూరా తెర కట్టి చూపించారు. ఈనాటి కుర్రాళ్లు కట్టే బాణీల్లో మంచివి చాలానే ఉన్నాయి. నాకున్న పేచీ ఒక్కటే, శ్రుతి. స్టూడియోలో ఒక గొప్ప గొంతుకు నప్పిన శ్రుతిని ఆదివారం మందిరంలో ఉన్నదున్నట్టు దించుతారు. తెర మీద మాటలు పడుతూనే ఉంటాయి, వేదిక మీద నలుగురు పాడుతూ ఉంటారు, కింద మిగతావాళ్లం చూస్తూ ఉంటాం. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది. నొక్కితే అవ్వకు అందుతుంది. దానికి పెద్ద విద్య అక్కర్లేదు.

పెద్దబాపు ఆదరణ కూడికలో జరిగింది కూడా ఇదే. షామియానా, స్పీకర్లు, వాయించడానికి ఒక కుర్రాడు. మొదటి పాట రికార్డులో ఉన్న ఎత్తులోనే మొదలైంది. మైకు పట్టుకున్న పిల్ల ఒక్కతే చివరిదాకా పాడింది, అద్భుతంగా పాడింది. రెండో పాటకు ఆ కుర్రాడు మెట్లు సర్దుకుంటుండగానే, చాప మీద గోడకానుకుని కూర్చున్న పెద్దమ్మ ఎత్తుకుంది. ఆమె పాట ఎత్తుకోవడం మేమెవరం అంతకుముందు వినలేదు. ఆయన పక్కన అన్నేళ్లు వంత పాడిందే తప్ప ముందు పడలేదు. మైకు లేదు, స్థాయి బాగా కింద ఉంది. అత్తలు అందుకున్నారు, శామీర్‌పేట వాళ్లు అందుకున్నారు, షామియానా బయట చెప్పుల దగ్గర నిలబడ్డ కంపెనీవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లు కూడా పల్లవి వరకు అందుకున్నారు. కుర్రాడు కాసేపు వెతికి ఆమె శ్రుతి పట్టుకున్నాడు. రెండో చరణానికి మాట అందించేవాళ్లు లేక ఒక్క క్షణం తడబాటు. వెంటనే పెద్దల్లుడే అందించాడు, చప్పట్లు లేకుండా.

ఆయన పాటల నోటుబుక్కు ఒకటుంది, లాంగ్ సైజుది, అట్టకు ప్లాస్టిక్ కవరు. పాట పక్కన మార్జిన్లో రాగాలు రాసుకోలేదు, మనుషుల పేర్లు రాసుకున్నాడు. ఈ పాట ఫలానా చెల్లెలికి ఇష్టం, ఇది ఫలానా వాళ్ల నాన్న పోయినప్పుడు పాడింది, వాళ్ల ముందు ఎత్తుకోవద్దు. కొన్నిచోట్ల కింద గీత గీసి "మూడో చరణం జాగ్రత్త" అని. అది ఎవరి దగ్గరుండాలన్న తగువు ఇంకా తెగలేదు. ప్రస్తుతం పెద్దత్త దగ్గరుంది, చిన్నత్త తనకు కావాలంటోంది. జిరాక్సు తీయిద్దామని మేడ్చల్ బస్టాండు దగ్గరి షాపుకు పట్టుకెళితే, పెన్సిల్‌తో రాసినవి సరిగ్గా పడవన్నాడు షాపతను. మార్జిన్లోవన్నీ పెన్సిల్‌తో రాసినవే. వాటిని ఇంకుతో దిద్దాక తీయిద్దామని అన్న, దిద్దితే ఆయన చేతిరాత పోతుందని అక్కలు. దిద్దడమా మానడమా అన్నది వచ్చే ఆదివారం పెద్దమ్మ ఇంట్లో తేలుస్తారట, భోజనాలయ్యాక.