పాత జీపుకు ప్రాణం పోసే పనితనం

భద్రాచలం నుంచి చర్ల వైపు వెళ్లినా, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కినా, దారే బండి సత్తా తేలుస్తుంది. ఇలాంటి చోట పాత మహీంద్రా జీపును ఇంటి ముందే విప్పి, మళ్లీ బిగించి నడిపించే మెకానిక్‌కు దండం పెట్టాలి.

మహీంద్రా మన దేశంలో విల్లీస్ జీపుల కూర్పు 1947లో మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన సీజే-3బీ బానెట్ ఎత్తుగా ఉండటానికి కారణం అందులోని 2.2 లీటర్ల హరికేన్ ఇంజనే. దాని ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. ఛాసిస్ వేరు, బాడీ వేరు కాబట్టి బోల్టులు ఊడదీసి, నలుగురు పట్టి బాడీని పైకెత్తేయొచ్చు. ఆ తర్వాతే అసలు పని: తుప్పు తిన్న రేకు కోసి అతకడం, కమాన్ కట్టలు సరిచేయడం, దొరకని బుష్‌ను కొలిచి లేత్ మీద చేయించడం.

కొత్త హంగులకూ ఒక వరస ఉంది. తెలిసిన మెకానిక్ ముందు బ్రేకులు చూస్తాడు, తర్వాతే ఇంజన్ బలం. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెడితే ఘాట్‌లో నెమ్మదిగా వెళ్తున్నా బ్యాటరీ ఛార్జి అవుతుంది.

ఒక్క మాట: ఇంజన్ మార్చాలనుకుంటే మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ముందే ఆర్టీఏ అనుమతి తీసుకోండి.