అధిక్షేపం – ఆత్మవిమర్శ: ‘సౌత్ పార్క్’లో బాలల దృష్టి

1. ఉపోద్ఘాతం

ట్రే పార్కర్, మాట్ స్టోన్ సృష్టించిన యానిమేషన్ ధారావాహిక ‘సౌత్ పార్క్’ 1997 ఆగస్టు 13న అమెరికాలోని కామెడీ సెంట్రల్ ఛానల్‌లో ప్రారంభమైంది. కొలరాడో రాష్ట్రంలో ఉన్నట్లు కల్పించిన ఒక చిన్న పట్టణం ఇందులోని కథాస్థలం. స్టాన్, కైల్, కార్ట్‌మన్, కెన్నీ అనే నలుగురు బడిపిల్లలు ప్రధాన పాత్రలు. కత్తిరించిన కాగితపు బొమ్మలను తలపించే మోటు చిత్రణ, అశ్లీలతకు వెనుదీయని సంభాషణ దీని బాహ్యలక్షణాలు. పెద్దల అవివేకాన్ని పిల్లల కళ్లతో చూపడం దీని అంతర్నిర్మాణం. ఆ చూపు ఎంతవరకు నమ్మదగినదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. పిల్లల వివేకం – పెద్దల అవివేకం

ఈ పట్టణంలోని పెద్దలు ఒక్క పుకారుకే గుంపుగా మారిపోతారు. కథాంతంలో స్టానో, కైలో తాను గ్రహించిన నీతిని వారికి బోధించడం తొలినాళ్లనుండి వస్తున్న ఆనవాయితీ. అయితే పిల్లలందరూ నిష్కల్మషులు కారు. పెద్దలు మర్యాద మాటున దాచుకొనే ద్వేషాన్ని కార్ట్‌మన్ బాహాటంగా ప్రకటిస్తాడు. అందువల్ల బాల్యం ఇక్కడ అమాయకత్వానికి చిహ్నం కాదు. ముసుగులేని సమాజానికి ప్రతిరూపం.

3. ఒక అధిక్షేపం, దాని సవరణ

2006లో ప్రసారమైన ‘మ్యాన్‌బేర్‌పిగ్’ భాగంలో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఒక వింతమృగం గురించి హెచ్చరిస్తూ తిరుగుతాడు. ఆ మృగం భూతాపానికి సంకేతమన్నది స్పష్టం. గోర్ కీర్తికాంక్ష ఇందులో హాస్యానికి ఆలంబనమైంది. అతని హెచ్చరిక కూడా దానితోపాటే నవ్వులపాలైంది. 2018లో వచ్చిన రెండు భాగాలలో మృగం నిజమని తేలుతుంది. పిల్లలు గోర్‌ను క్షమాపణ కోరవలసివస్తుంది. స్టాన్ తాత తరంవారు తమ సుఖాలకోసం ఆ మృగంతో ఒప్పందం చేసుకొన్నారని కూడా బయటపడుతుంది. సోయాసాస్‌ను, ఒక వీడియోగేమ్‌ను వదులుకొంటే ముప్పు తొలగుతుందన్నా పట్టణవాసులు అంగీకరించరు.

4. ముగింపు

ఈ సవరణలో గోర్ సత్పురుషుడుగా మారడు. అతని అహంకారం మునుపటిలాగే పరిహాసానికి గురవుతుంది. సవరణ విలువ అక్కడే ఉంది. వక్త హాస్యాస్పదుడైనంత మాత్రాన అతడు చెప్పే విషయం అసత్యం కాదని రచయితలు అంగీకరించారు. అందరినీ సమానంగా వెక్కిరించడమే నిష్పాక్షికత అనుకొనే అధిక్షేపానికి వ్యక్తి దోషాన్ని, వాదం బలాన్ని వేరుచేసి చూడలేని ప్రమాదం ఉంది. ‘సౌత్ పార్క్’ ఆ లోపాన్ని గుర్తించడానికి 12 ఏళ్లు పట్టింది. తాతలు చేసిన ఒప్పందానికి మూల్యం చెల్లించేది మనుమలే కనుక ఈ జాప్యాన్ని కేవలం కళాపరమైన లోపంగా భావించలేము.