చక్రము మార్చు చేయి

ఫ్రాన్సు దేశపు పశ్చిమాగ్రమున, బ్రిటనీలోని లానిలిస్ పరిసరములందు, బ్రెటన్ భాషా పాఠశాలకు నిధులు కూర్చుటకై 1984లో ఆరంభమైన ట్రో-బ్రో-లియోన్ సైకిలు పందెమున 2023లో జాకొమో నిజ్జోలో, 2024లో అర్నో డి లీ గెలిచిరి. గెలిచినవారి పేర్లు అందరికిని తెలియును; కాని రాళ్లు తేలిన పొలముబాటలో టైరు పగిలి నిలిచిన పోటీదారు చెంతకు, వెనుక కారునుండి చక్రము చేతబట్టి యురికి, ఇరుసు వదలించి, పాతది లాగి, క్రొత్తది దూర్చి, గొలుసును పండ్లచక్రముపై కూర్చుండబెట్టి, వాని నడుముపై అరచేయి మోపి ముందునకు త్రోయు మెకానిక్కు హస్తలాఘవమే నాకు మిక్కిలి ముచ్చట గొలుపును. ఆ గొలుసు ఒక్క పన్ను తప్పెనా, ప్రత్యర్థి దుమ్ములో కనుమరుగగును. బ్రెటనులలో ముందుగా వచ్చినవానికి అచ్చట పందిపిల్లను బహూకరింతురు. వెండిపాత్రకంటె ఇదియే నాకు నచ్చినది. మెకానిక్కునకు మాత్రము బురద పట్టిన సైకిళ్లు కడుగుపని మిగులును.