పెళ్లి రంగులు పందిట్లోనే ఉన్నాయి

ముహూర్తం ఖాయం కాగానే ఇప్పుడు ఇళ్లలో మొదలయ్యే చర్చ ‘థీమ్ కలర్ ఏమిటి’ అని. డెకరేషన్ వాళ్లు చూపించే ఫొటోల్లో లేత గులాబీ, లావెండర్, పిస్తా పచ్చ వరసగా కనిపిస్తాయి. అవి బాగుండవని ఎవరూ అనలేరు. కానీ తెలుగువారి హిందూ వివాహానికి రంగులు బయటినుంచి తెచ్చుకోనక్కర్లేదు. కులానికో ఆచారం, జిల్లాకో పద్ధతి ఉన్నా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు మాత్రం తంతులో వాడే వస్తువుల్లోంచే పుట్టుకొస్తాయి. అలంకరణ ఆ వస్తువులతో మొదలై, తక్కిన రంగులు వాటికి లోబడి ఉంటేనే పెళ్లికి నిండుదనం వస్తుందని నా నమ్మకం. పెద్దలు చెప్పారు కాబట్టి పాటించమనడం లేదు. ఆ వస్తువుల ఎంపికలో ఎంతో పనితనం ఉంది.

పసుపునే చూడండి. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు ఒంటికి రాసేదీ, తలంబ్రాల బియ్యానికి పట్టించేదీ, మంగళసూత్రం తాడుకు పూసేదీ అదే. ఆ పసుపు ముద్దలో కాస్త సున్నం వేసి మెదిపితే చూస్తుండగానే ఎర్రబడుతుంది. పసుపులోని కుర్కుమిన్‌కు క్షారం తగిలితే రంగు మారే గుణముంది. పాదాలకు దిద్దే పారాణి అదే. కుంకుమను కూడా పాతపద్ధతిలో పసుపునుంచే తయారుచేస్తారు. అంటే పెళ్లిలో ముఖ్యమైన రెండు రంగులకూ మూలం ఒకే దుంప. వాటి మధ్య సన్నని ఎర్రంచు మధుపర్కాల తెలుపు కంటికి ఊరటగా ఉంటుంది. శుభకార్యానికి పనికిరాదనే నలుపుకు సైతం నల్లపూసల్లో, బుగ్గచుక్కలో చోటిచ్చారు. ఎక్కడ ఎంత కావాలో అంతే వాడిన ఈ పొందికను మించిన ‘థీమ్’ను నేను చూడలేదు.

పందిరి సామగ్రిలోనూ ఇదే లెక్క. వైశాఖ, జ్యేష్ఠాల ముహూర్తాలు మండుటెండల్లో పడతాయి కనుక నీడకు తాటాకులు, కొబ్బరి మట్టలు. అరటి బోదె నిండా నీరే, నరికి తెచ్చి కట్టినా రెండురోజులు పచ్చగా నిలబడుతుంది. మామిడాకు దళసరి, మడిచి పుల్ల గుచ్చి తాడుకు కడితే వాడినా రాలిపోదు. బంతి, చామంతి నీళ్లు లేకుండానే వేడిలో రోజంతా ఆగుతాయి. గులాబీలు, హైడ్రాంజియాలు అలా ఆగలేవు. వాటిని గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ దిమ్మెలు ఒకరకం ప్లాస్టిక్, పెళ్లయ్యాక మట్టిలో కలవవు.

తలంబ్రాల సంగతి తలుచుకుంటే మరీ బాధ కలుగుతుంది. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు సమర్పిస్తారు. గోదావరి జిల్లాల భక్తులు ఒక్కో వడ్లగింజనూ గోటితో ఒలిచి ఆ కల్యాణానికి పంపుతారు. గింజగింజకూ అంత విలువనిచ్చిన నేలమీద ఇప్పుడు రంగురంగుల థర్మోకోల్ పూసలను దోసిళ్లకొద్దీ పోస్తున్నారు. బియ్యమైతే పిట్టలైనా తింటాయి, ఈ పూసలు కాలవల్లోకి పోతాయి. అలంకరణకు థర్మోకోల్ వాడకాన్ని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారన్నది చాలా ఇళ్లలో గుర్తుచేసేవారే లేరు.

పసుపు, ఎరుపు ఫొటోల్లో కొట్టొచ్చినట్టుంటాయి, అందరి పెళ్లీ ఒకేలా అనిపిస్తుంది అని అభ్యంతరం చెబుతారు. అందులో కొంత నిజముంది. అయితే చాలాచోట్ల తప్పు రంగులది కాదు, లైట్లది. నీలి, ఊదా లైట్ల కింద పసుపు బట్ట మట్టిరంగుకు తిరుగుతుంది. మండపం మీద లేత పసుపు ఛాయ ఉన్న తెల్లటి వెలుగే ఉండాలని ముందే చెప్పుకోవాలి. ఇక ఒకేలా ఉండడమంటారా, ముందు చీర కొనండి, తర్వాతే మండపం ఖాయం చేయండి. గద్వాల చీర అంచు రంగు ఒకటి, ఉప్పాడ జరీ మెరుపు ఇంకొకటి, పోచంపల్లి ఇక్కత్ తీరు మరొకటి. పెళ్లికూతురు పసుపు చీరలో ఉంటే వెనకాల బంతిపూల గోడ కట్టించకూడదు, చీర అందులో కలిసిపోతుంది. అల్లిన కొబ్బరాకులు వేస్తే ముఖం, చీర రెండూ తేలుతాయి. ఎర్ర చీరైతే తెల్ల చామంతులు, మల్లెలు. నాలుగు రంగుల్లోనే ఎవరి పెళ్లి వారిదిగా ఉండొచ్చు. లావెండర్ మీద మనసుంటే రిసెప్షన్ ఉండనే ఉంది, అక్కడ వధూవరుల ఇష్టానికి ఎవరూ అడ్డురాకూడదు.

ఫంక్షన్ హాల్లో రాట పాతడం, తాటాకు పందిరి వేయడం కుదరదన్న మాట కూడా నిజమే. కానీ మండపం నాలుగు స్తంభాలకు అరటి బోదెలు, పైన మామిడి తోరణాలు కట్టడానికి చాలామంది యజమానులు ఒప్పుకుంటారు. అడ్వాన్సు కట్టకముందే అడగాలి. మామిడాకులు దొరకని దేశాల్లో గుడ్డ తోరణం కడితే తప్పేమీ లేదు, మడిచి దాచి మరో పెళ్లికి తీయొచ్చు.

ఇక వచ్చినవాళ్లకు ఇచ్చేవి. తాంబూలంలో వృథా అయ్యేది లేదు. ఆకు, వక్క, పండు తింటారు, పసుపు కుంకుమ వాడుకుంటారు, రవికెల గుడ్డ కుట్టించుకుంటారు. జంట ఫొటో అచ్చేసిన ప్లాస్టిక్ డబ్బా అటకెక్కుతుంది. దాని బదులు ఏటికొప్పాక కుంకుమ భరిణ ఇవ్వొచ్చు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతున్న కర్రకు రంగు లక్కను ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. చెట్ల గింజలు, బెరడులు, వేళ్లనుంచి రంగులు తీసే పద్ధతికి అక్కడ మళ్లీ ప్రాణం పోసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. వెయ్యిమందికి భరిణలంటే ఖర్చెక్కువన్నది కాదనలేని మాట. అందరికీ ఒకే వస్తువన్న పట్టు వదిలితే సరిపోతుంది. పేరంటాళ్లకు భరిణ, భోజనం చేసిన ప్రతివారికీ గుడ్డసంచిలో తాంబూలం, మడతకాజా. ఇందులో ఎవరినీ చిన్నబుచ్చినట్టు కాదు, పేరంటాళ్ల మర్యాద ఎప్పుడూ వేరేగానే ఉండేది. లగ్నపత్రిక రాయించిన వారంలోనే భరిణలకు ఆర్డరివ్వండి. చేత్తో చేసే వస్తువు వందల లెక్కన చివరి నిమిషంలో దొరకదు.